ఇంగ్లీషు సైనికులు కావలెను

తన రక్తంలో లేని పక్షాన నిలబడి ఒక మనిషి మనస్ఫూర్తిగా యుద్ధం చేయగలడా?

ఈ ప్రశ్నను యూజీన్ టైనన్ మాస్టారు శనివారం పొద్దున్న, ఒక చెంప గీసుకొని రెండో చెంపమీద నురగ ఇంకా ఆరకముందే, అద్దం ఎదుట నిలబడి తమకు తామే వేసుకున్నారు. సమాధానం దొరకలేదు. చెంప మాత్రం తెగింది.

కిల్‌బ్రాకన్ బడిలో ఆయన పెద్ద మాస్టారు. ప్రపంచమంతా యుద్ధమని పిలుస్తున్నదాన్ని ఐర్లండు ప్రభుత్వం 'అత్యవసర పరిస్థితి' అని పిలుచుకుంటూ పక్కకు తప్పుకొన్న రోజులవి. సముద్రానికి ఆవల, బాంబులు పడుతున్న ఇంగ్లండులో, జనానికి ధైర్యం నూరిపోయడానికి ఒక సినిమా తీయాలనుకున్నారు. పాత చారిత్రక నాటకం ఒకటి ఎంచుకున్నారు: ఇంగ్లీషు రాజొకడు చిన్న సైన్యంతో ఫ్రాన్సు మీదికి వెళ్ళి పెద్ద సైన్యాన్ని ఓడించడం కథ. అయితే యుద్ధాన్ని చిత్రించాలంటే యుద్ధం లేని చోటు కావలసి వచ్చింది. వాళ్ళ ఆకాశం నిండా విమానాలు, వాళ్ళ మగవాళ్ళందరూ నిజం సైన్యంలో. అందుకని కెమెరాలతో, పెట్టెలతో, ఒక రాజుతో సహా ఓడెక్కి వచ్చి, కిల్‌బ్రాకన్ పక్కనున్న జమీందారుగారి పచ్చికబయలులో దిగారు. తమ శౌర్యాన్ని తెరమీద చూపించుకోవడానికి మనుషుల్ని పొరుగువాడి దగ్గర ఎరువు తెచ్చుకోవడంలో వారికి ఏ ఇబ్బందీ కనిపించలేదు.

నాలుగు వందల మందిని కూడగట్టి, సగం ఇంగ్లీషువాళ్ళుగా, సగం ఫ్రెంచివాళ్ళుగా పంచిపెట్టే పని మాస్టారికి అప్పగించారు. ప్రతిఫలంగా సినిమాలో చెప్పడానికి ఒక మాట ఇస్తామన్నారు. యుద్ధం నాటి తెల్లవారుజామున ముసలి విలుకాడొకడు రాజుతో చెప్పే మాట అది. పాతికేళ్ళుగా ఆ నాటకాన్ని, ముక్కు తుడుచుకోవడం కూడా రాని పిల్లలకు పాఠం చెబుతూ వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. శనివారం మనుషుల్ని పంచడం, సోమవారం పొద్దున్న యుద్ధం, సాయంత్రం మాట. ఏర్పాటు అంత సులువుగా ఉంది.

"ప్రభూ, వాన వెలిసింది," అన్నారు మాస్టారు అద్దంతో.

"ఇంకా ఆ మూడు ముక్కలేనా?" వంటింట్లోంచి అక్క అట్రాక్టా కేకేసింది. పెళ్ళి చేసుకోకుండా తమ్ముడికి వండిపెట్టడంలోనే ఆవిడ జీవితం గడిచిపోయింది. ఆ సంగతి తమ్ముణ్ణి ఒక్కరోజు కూడా మరిచిపోనివ్వలేదు.

"అది కాదక్కా. 'ప్రభూ' మీద నొక్కితే వినయం పలుకుతుంది. 'వెలిసింది' మీద నొక్కితే ఆశ. అదే 'వాన' మీద నొక్కితే..."

"తుమ్ములొస్తాయి. దిగిరా, టీ చల్లారిపోతోంది. ఆ ఆకు ఇప్పటికే రెండుసార్లు మరిగింది, ఇంకోసారి వెచ్చబెట్టమంటే నావల్ల కాదు. అయినా నాకు తెలీకడుగుతాను, వానెప్పుడు పడిందో పేపర్లో వేస్తేనే శత్రువుకు రహస్యం చెప్పినట్టని సెన్సారువాళ్ళు కొట్టేస్తున్నారు కదా, నువ్వు తెరమీద నిలబడి వాన వెలిసిందని దేశదేశాలకీ చాటితే ఊరుకుంటారట్రా?"

మాస్టారు దిగివచ్చి, ఆ టీ నిలబడే తాగేసి బయటపడ్డారు.

పచ్చికబయలులో రెండు గుడారాలు వేసి, ఒకదానికి 'ఇంగ్లండు' అనీ, రెండోదానికి 'ఫ్రాన్సు' అనీ పలకలు తగిలించి ఉన్నాయి. దుస్తుల పెట్టెలు ఇంకా రేవులోనే ఉన్నాయి. ఆ రోజుకు పేర్లు రాయించుకోవడం వరకే. మాస్టారు వెళ్ళేసరికి ఫ్రాన్సు గుడారం ముందు మొదలైన వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఇంగ్లండు గుడారం ముందు ఒక కుక్క మాత్రం పడుకొని ఉంది. అది కూడా నీడకోసం.

"టైనన్ గారూ, ఏమిటిది?" దర్శకుడి సహాయకుడు హెస్కెత్ పరుగెత్తుకొచ్చాడు. ఒక కన్ను మబ్బులమీదా ఒక కన్ను గడియారంమీదా పెట్టుకొని బతికే ఇంగ్లీషు యువకుడతను. "మావైపు ఒక్కడూ లేడే!"

వరసలో అందరికంటే ముందు బార్ట్లీ నాగిల్ నిలబడి ఉన్నాడు. గుర్రాల బేరగాడు, ఊరి హర్లింగ్ జట్టుకు నాయకుడు, కర్రతో బంతిని కొట్టే ఆ ఆటలో బంతికంటే ఎదుటివాడి మోకాలే అతనికి ఎక్కువగా దొరికేది.

"నాగిల్, ఇటొచ్చి నిలబడవయ్యా. నువ్వొస్తే సగంమంది నీ వెనకే వస్తారు," అన్నారు మాస్టారు.

"ఏడొందలేళ్ళు వాళ్ళ కాళ్ళకింద పడున్నాం మాస్టారూ. ఇప్పుడు వాళ్ళ వేషం కూడా మేమే కట్టాలా?"

"వేషమే కదా! గుర్రం అమ్మేటప్పుడు నువ్వు కట్టని వేషముందా?"

"అది యాపారం. ఇది ఆత్మ. నేనీ పని చేశానంటే మా తాత సమాధిలోంచి లేచొస్తాడు."

"మీ తాత ఇంగ్లీషు సైన్యంలో పనిచేసి, చచ్చేదాకా పింఛను తిన్నాడు కదయ్యా!"

"పొట్టకోసం చేశాడు. అయినా ఆ బట్టల్లో ఒక్క ఫొటో దిగాడా? అడగండి ఊళ్ళో ఎవర్నైనా. అదీ మడిసంటే."

వరస పొడుగునా తలలు ఊగాయి. మాస్టారు చరిత్ర చెప్పారు, నీతి చెప్పారు, అభినయకళ గురించి కూడా కొంత చెప్పారు. చివరికి ఉన్న ఒక్క అస్త్రమూ వదిలారు. "వినండర్రా. ఈ కథలో చితికిపోయేది ఫ్రెంచివాళ్ళు. గెలిచేది ఇంగ్లీషువాళ్ళు."

వరస ఒక్క క్షణం ఆలోచించింది.

"అది రాసినాయన ఉద్దేశం," అన్నాడు నాగిల్ నింపాదిగా. "సోమారం మేవూ ఉంటాంగా అక్కడ."

హెస్కెత్ మాస్టారిని పక్కకు తీసుకెళ్ళాడు. "సోమవారానికి రెండు వందలమంది ఇంగ్లీషువాళ్ళు లేకపోతే ఈ సినిమాలో యుద్ధం ఉండదు. యుద్ధం లేకపోతే మీ వాన వెలవదు. అర్థమైందా?"

మాస్టారికి బాగా అర్థమైంది. సైకిలెక్కారు.

కొండకు అవతల బాలీఫార్నా అనే ఊరుంది. కిల్‌బ్రాకన్‌కూ బాలీఫార్నాకూ నడుమ ఉన్నది నాలుగు పొలాలూ, కిందటేడు హర్లింగ్ ఫైనలూ. ఆ ఆట ఆఖరి నిమిషంలో ఎగిరిన బంతి గుంజల మధ్యనుంచి పోయిందని కిల్‌బ్రాకన్ వాళ్ళూ, పక్కనుంచి పోయిందని బాలీఫార్నా వాళ్ళూ ఇప్పటికీ నమ్ముతున్నారు. లోపలినుంచే పోయిందన్న రిఫరీ ఆ జిల్లాలో మళ్ళీ కనిపించలేదు.

మోగ్ కిన్‌సెల్లా తన కమ్మరికొలిమి దగ్గర గుర్రానికి నాడా కొడుతున్నాడు. బాలీఫార్నా జట్టుకు అతనే నాయకుడు.

"కిల్‌బ్రాకన్ మాస్టారు మా ఊరొచ్చారేంటి? దారి తప్పారా, బుద్ధి తప్పిందా?"

"సినిమాలో ఇంగ్లీషువాళ్ళుగా నిలబడటానికి మనుషులు కావాలి మోగ్."

"పిల్లలకి పాఠాలు చెప్పేవోరు కదాని ఊరుకుంటన్నా. ఆ సైకిలు ఎటునుంచొచ్చిందో అటే తిప్పండి."

మాస్టారు సైకిలు తిప్పుతున్నట్టే తిప్పి, "కిల్‌బ్రాకన్ వాళ్ళందరూ ఫ్రెంచివాళ్ళు," అన్నారు, గాలితో చెబుతున్నట్టు.

సుత్తి ఆగింది. "అయితే?"

"ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళను కొట్టుకుంటూ వాగుదాకా తరుముతారు."

"కర్రల్తోనా?"

"కొయ్య కత్తులు."

"అదీ కర్రే కదా. ఆకర్న గెలుపెవరిది?"

"ఇంగ్లీషువాళ్ళదే. నాటకంలో రాసి ఉంది."

"ఆ గెలుపు ఎవురూ కొట్టెయ్యడానికి లేదుగా? రిఫరీ ఎవురు?"

"రిఫరీ ఉండడు మోగ్."

కిన్‌సెల్లా ముఖంలో, చర్చిలో కూడా ఎన్నడూ కనిపించని ఒక వెలుగు పరచుకుంది. "రిఫరీయే లేడా!" అని సుత్తి దించాడు. "అలాగైతే మేం ఇంగ్లీషోళ్ళం."

కొండ దిగుతూ మాస్టారు కొంచెం ఈల వేశారు కూడా. ఏడు శతాబ్దాల కడుపుమంటను కిందటేటి బంతి ఒకటి ఆర్పేసింది. మనుషులు ఎంత చిన్నవాళ్ళు! వాళ్ళను ఆడించే దారం ఎంత సన్నం! ఆ దారం తమకు కట్టి లేదనీ, దాని కొస తమ చేతిలో ఉందనీ అనుకోవడంలోని ఆనందాన్ని ఆయన ఆదివారమంతా అనుభవించారు.

సోమవారం పొద్దున్న పెట్టెలు తెరిచారు. ఇంగ్లీషు చొక్కాలు ఎర్రవి. ఫ్రెంచి చొక్కాలు నీలంవి. మాస్టారు వాటివంక చూసి, గడ్డిమీద కూర్చుండిపోయారు. కిల్‌బ్రాకన్ జట్టు రంగు ఎరుపు. బాలీఫార్నా జట్టు రంగు నీలం. పాతికేళ్ళుగా ప్రతి ఆదివారమూ చూస్తున్న రంగులవి.

"ఇది తొడుక్కోవాలా? నేనా?" కిన్‌సెల్లా ఎర్ర చొక్కాను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "ఇంగ్లీషోణ్ణి అవుతానన్నాను గానీ కిల్‌బ్రాకనోణ్ణి అవుతానన్నానా?"

అవతలి గుడారంలో నాగిల్ నీలం చొక్కాను నేలకేసి కొట్టాడు. "ఫ్రాన్సు కోసం ప్రాణమైనా ఇస్తాగానీ బాలీఫార్నా చొక్కా తొడగను!"

"రంగులో ఏముందండీ?" అని హెస్కెత్ దీనంగా అడిగాడు. ఇంతలో మాస్టారిని విలుకాడి వేషం కట్టడానికి పిలిచారు. ముఖానికి రంగు పూయించుకొని, తెల్లగడ్డం అతికించుకొని, తమ ఎర్ర చొక్కా తొడుక్కొని, జరగబోయే అనర్థానికి సిద్ధపడి ఆయన బయటికి వచ్చేసరికి, పచ్చికమీద ఒకవైపు ఎర్ర సైన్యం, ఒకవైపు నీలం సైన్యం చక్కగా బారులు తీరి ఉన్నాయి. హెస్కెత్ ముఖం చేటంత అయింది.

"అద్భుతం టైనన్ గారూ! ఎలా ఒప్పించారు?"

మాస్టారు దగ్గరికి వెళ్ళి చూశారు. ఎర్ర వరసలో ముందున్నవాడు నాగిల్. నీలం వరసలో ముందున్నవాడు కిన్‌సెల్లా. గుడారాల వెనక చొక్కాలు చేతులు మారాయి. ఆ రెండూళ్ళూ కలిసి ఒక పని చేయడం, ఎవరికీ గుర్తున్నంతలో, అదే మొదటిసారి.

"నాగిల్! నువ్విప్పుడు ఇంగ్లీషువాడివయ్యావు, తెలుసా?"

"అదేంకాదు మాస్టారూ. ఎర్ర చొక్కా తొడుక్కున్న ఫ్రెంచోణ్ణి."

నీలం వరసలోంచి కిన్‌సెల్లా గొంతు తగ్గించి అడిగాడు. "మేం నీలం చొక్కాలో ఉన్న ఇంగ్లీషోళ్ళం. గెలుపు మాదే కదా? మాటిచ్చారు."

నిజం చెప్పడానికి అదే సమయం. తెరమీద గెలిచేది ఎర్ర చొక్కాయే గానీ అందులోని మనిషి కాదని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. చెబితే రెండు వందలమంది అప్పటికప్పుడే కొండెక్కి వెళ్ళిపోతారు. సాయంత్రం వాన వెలవదు.

"అంతా నాటకంలో రాసినట్టే జరుగుతుంది," అన్నారు మాస్టారు.

ఇరుపక్షాలూ తృప్తిగా తలలూపాయి.

దర్శకుడు ఎత్తయిన చట్రంమీదనుంచి జెండా ఊపాడు. గుర్రాలు కదిలాయి. మొదట నడక, తర్వాత దౌడు, నేల అదిరింది. ఎర్ర సైన్యమూ నీలం సైన్యమూ ఇంకొక రెండు బారల్లో ఢీకొంటాయనగా, కొండమీది చర్చిలో మధ్యాహ్నపు ప్రార్థన గంట మోగింది.

ఇరువైపులా శిరస్త్రాణాలు దిగాయి. నాగలి లాగే గుర్రాలు రోజూ ఆగినట్టే ఎక్కడివక్కడ ఆగాయి. కాలిబంట్లు మోకాళ్ళమీద కూలబడ్డారు. విల్లు పక్కన పెట్టి మాస్టారూ మోకరిల్లారు. ఇంగ్లండునుంచి ఓడలో తెచ్చిన రాజుగారి గుర్రానికి మాత్రం ఆ గంట సంగతి తెలియదు. అది రాజును మోసుకొని, ప్రార్థిస్తున్న రెండు సైన్యాల నడుమగా ఒంటరిగా దూసుకుపోయి, వాగు దాటి, చెట్లలో మాయమైంది.

"వీళ్ళేం చేస్తున్నారు? ఎందుకాగారు?" పైనుంచి దర్శకుడి కేకలు.

"ష్... దేవుడితో మాట్లాడుతున్నారండీ," అన్నాడు హెస్కెత్ కిందినుంచి. అతను కూడా టోపీ తీశాడు, ఎందుకైనా మంచిదని.

మాస్టారికి కుడిపక్క నాగిల్, ఎదురుగా రెండు బారల దూరంలో కిన్‌సెల్లా. తలలు వంచే ఉన్నాయి.

"మరియమ్మా, మాకోసం వేడుకో," అని గొణిగాడు కిన్‌సెల్లా. అదే ఊపిరిలో, కళ్ళెత్తకుండా, "బంతి బయటికే పోయింది నాగిల్," అన్నాడు.

"లోపలికే పోయింది. ఇప్పుడూ మా మరణ సమయమందూ..."

"నీ గుడ్డి రిఫరీ కళ్ళకి."

"ఆమెన్!" అని నాగిల్ లేచాడు.

ఆ తరువాత జరిగినదాన్ని నటన అనడం కష్టం. కొయ్య కత్తులు హర్లింగ్ కర్రలైపోయాయి. గుర్రాలమీది రైతులు దిగి మరీ కొట్టారు; గుర్రాలు పక్కకు పోయి గడ్డి మేశాయి. ఎవరో దొర్లించిన డాలు ఒకటి బంతిగా మారింది. దానివెనక ఇరవైమంది పడ్డారు. దర్శకుడు కేకలు మాని, కెమెరా ఆపవద్దని సైగలు చేస్తున్నాడు. ఎర్ర చొక్కాలు నీలం చొక్కాలను అంగుళం అంగుళం నెట్టుకుంటూ వాగులోకి తోసేశాయి.

ఆ రభస మధ్య కెమెరాకు అతి దగ్గరగా ఒక ముసలి విలుకాడు, గడ్డం సగం ఊడి వేలాడుతుండగా, విల్లును రెండు చేతులా ఎత్తి, కిన్‌సెల్లా నెత్తిమీద బాదుతూ అరుస్తున్నాడు: "లోపలికే పోయిందిరా! నా కళ్ళతో నేను చూశాను! లోపలికే!"

తమ గొంతు తమకే వినిపించినప్పుడు మాస్టారు ఆగిపోయారు. విల్లు విరిగి ఉంది. దాని తాడు కొస చూసుకున్నారు. అది తమ మణికట్టుకే చుట్టుకొని ఉంది.

దర్శకుడు దిగివచ్చి హెస్కెత్‌ను కౌగిలించుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ శౌర్యాన్ని ఇంత సహజంగా ఏ సినిమా చూపించలేదన్నాడు. ఎర్రవాళ్ళ కళ్ళలోని ఆ ద్వేషం, ఆ దేశభక్తి! సాయంత్రం ఇంకా రెండు దృశ్యాలున్నాయి: చెట్లలోంచి వెతికి తెచ్చిన రాజు ఫ్రెంచి శవాల నడుమ నడవడం, ఆ వెంటనే అదే వెలుతురును తెల్లవారుజాముగా చూపిస్తూ విలుకాడి మాట.

ఆ కబురు వాగుదాకా వెళ్ళింది. బాలీఫార్నా వాళ్ళు నీళ్ళోడుతూ గట్టెక్కారు.

"శవాలా? మేమా? గెలుపు మాదన్నారుగా మాస్టారూ!"

"గెలిచేది ఎర్ర చొక్కా, మోగ్. మీరే మార్చుకున్నారు."

కిన్‌సెల్లా నుదుటిమీది బొప్పిని తడుముకుంటూ ఆలోచించాడు. "అంటే ఎరుపు తొడుక్కుంటే గెలిచినట్టే?"

"సినిమాలో అంతే."

"ఒరేయ్, ఆ పెట్టెల్లో ఎర్రయి ఇంకా ఉన్నాయి, పట్రండి!"

"అది కిల్‌బ్రాకన్ రంగు కదయ్యా!"

"రంగుదేవుంది మాస్టారూ, ఉతికితే పోద్ది. గెలుపు పోద్దా?"

సాయంత్రానికి పచ్చికబయలు నిండా ఇంగ్లీషువాళ్ళే. కిల్‌బ్రాకన్ వాళ్ళు ఒంటిమీది చొక్కా విప్పేది లేదన్నారు. బాలీఫార్నా వాళ్ళు పెట్టె అడుగున ఉన్నవి కూడా తొడిగేశారు. చొక్కా దొరకనివాడు ఎర్ర దుప్పటి కప్పుకున్నాడు. శనివారం సమాధిలోంచి లేచి వస్తారన్న తాతల జాడ లేదు. స్టిల్ కెమెరా పట్టుకొన్నతని ముందు ఎర్ర చొక్కాల వరస గేటు దాటి రోడ్డెక్కింది. వరసలో మొదటివాడు నాగిల్.

ఫ్రాన్సు గుడారం ముందు నీలం చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. హెస్కెత్ పడమటి ఆకాశం చూసి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. "వెలుతురు అరగంట కూడా ఉండదు టైనన్ గారూ. శవాలు లేకపోతే రాజు దేనిమధ్య నడుస్తాడు? ఒక్క ఫ్రెంచివాడైనా చాలు, కెమెరా దగ్గరగా పెట్టి మిగతావాళ్ళు ఉన్నట్టు నమ్మిస్తాను. మీ మాటంటే వీళ్ళు వింటారు. ఒక్కణ్ణి పడుకోబెట్టండి, వెంటనే మీ దృశ్యం తీసేద్దాం."

మాస్టారు నాగిల్ వంక చూశారు. "గెలిచాక చావమంటారేంటి మాస్టారూ? నా ఫొటో కూడా వచ్చేసింది," అన్నాడు నాగిల్. కిన్‌సెల్లా వంక చూశారు. "పొద్దున్న చచ్చింది చాల్లేదా?" అన్నాడు కిన్‌సెల్లా.

"అంత సరదాగా ఉంటే మీరే చావండి!" అని ఎవరో వెనకనుంచి అరిచారు. నాలుగు వందలమంది నవ్వారు. కిల్‌బ్రాకన్, బాలీఫార్నా అన్న తేడా ఆ నవ్వులో లేదు.

మాస్టారు ఆ మాటను నవ్వుగా తీసుకోలేదు. ఒక ప్రతిపాదనగా తీసుకున్నారు. ఎంతమందిని ఎన్ని చొక్కాల్లో దూర్చారు తాము! తమ వంతు వచ్చేసరికి మాత్రం ఆ మూడు ముక్కలు గుండెలకు హత్తుకొని, గెలిచేవాడి పక్కన నిలబడాలనుకున్నారు. నాగిల్‌కు ఫొటో, కిన్‌సెల్లాకు గెలుపు, తమకు ఒక మాట. బేరం ఒకటే.

ఆయన గడ్డం పీకేశారు. ఎర్ర చొక్కా విప్పి హెస్కెత్ చేతికిచ్చి, గుట్టలోంచి ఒక నీలం చొక్కా తీసి తల దూర్చారు.

"ఏం చేస్తున్నారు మీరు? కెమెరా ఒకసారి మీ ముఖాన్ని ఫ్రెంచి శవంగా చూసిందంటే ఇక విలుకాడుగా ఒప్పుకోదు! మీ మాట ఎవరు చెబుతారు?"

"నాగిల్ చెబుతాడు. అతనికి గొంతుంది."

"నేనా!" నాగిల్ అప్పటికే గొంతు సవరించుకుంటున్నాడు. "ఏమనాలి మాస్టారూ? గట్టిగా అనాలా?"

మాస్టారు బురదలోకి నడిచారు. రాజు నడవవలసిన దారిలో చోటు చూసుకొని వెల్లకిలా పడుకొని, కళ్ళు మూశారు. చన్నీళ్ళు వీపుకు తగిలాయి.

"ఒరేయ్ యూజీన్!" కంచె అవతలినుంచి అట్రాక్టా గొంతు వినిపించింది. "బోర్లా పడుకోరా, నడుం పట్టేస్తుంది!"

శవం బోర్లా తిరిగింది. కెమెరా కదిలింది. రాజు నడిచి వెళ్ళాడు.

ఆనాటి మహాసంగ్రామంలో ఫ్రాన్సు తరఫున చనిపోయినవారు మాస్టారొక్కరే.